పూర్వికులు మెథడిస్టులైతే చర్చి స్థలం మనకు వస్తుందా?

ప్రశ్న: మాది మెదక్ జిల్లాలోని ఒక గ్రామం. వెస్లియన్ మిషన్ కాలంలో మా ముత్తాత నోటిమాటగా ఇచ్చిన స్థలంలో చర్చి కట్టారు. అందులోని ఖాళీ జాగాలో దుకాణాలు కట్టి లీజుకిస్తామని డయాసిస్ (బిషప్ కింద చర్చిల పాలన చూసే సంస్థ) వారు ఇప్పుడు అంటున్నారు. స్థలంపై మీ కుటుంబానికి హక్కు లేదని నాలుగేళ్ల క్రితమే నోటీసు ఇచ్చారు. మేము మొదటి నుంచి మెథడిస్టులం కనుక ఆ పేరుతో విడిపోయి చర్చిని స్వాధీనం చేసుకోవచ్చా? పాత తేదీతో కాగితం రాయించుకోమని కొందరు సలహా ఇస్తున్నారు.

జవాబు: మీ ముత్తాత విశ్వాసం ఈ వివాదాన్ని తేల్చదు. 1947 నాటికి ఆ భూమి ఎవరి పేరున ఉందన్నదే తేలుస్తుంది.

మీ ప్రాంతంలో పనిచేసినవారు బ్రిటిష్ వెస్లియన్ మెథడిస్టులు. పాస్నెట్ దొర కట్టించి 1924లో ప్రతిష్ఠించిన మెదక్ కెథడ్రల్ కూడా వారిదే. ఆ శాఖ 1947 సెప్టెంబర్ 27న సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా)లో కలిసింది. ఆ ఐక్యతలో చేరని అమెరికన్ మెథడిస్టు శాఖే 1981లో మెథడిస్ట్ చర్చ్ ఇన్ ఇండియాగా ఏర్పడింది. కాబట్టి చర్చి పేరు బోర్డు మార్చినంత మాత్రాన హక్కు మారదు. సభ్యులుగా తరతరాలు ఆరాధించిన స్వాధీనం అనుమతితో కూడినదే కనుక అది ప్రతికూల స్వాధీనం (యజమాని హక్కును కాదని ఏళ్ల తరబడి అనుభవించడం) కూడా కాదు.

నోటీసు అందాక నాలుగేళ్లు మౌనంగా ఉండటం క్షమించరాని నిర్లక్ష్యం. హక్కు ప్రకటన దావాకు లిమిటేషన్ చట్టం 58వ ఆర్టికల్ ఇచ్చేది మూడేళ్లే. స్వాధీనం కోసం 65వ ఆర్టికల్ ఇచ్చే పన్నెండేళ్ల గడువు టైటిల్ (యాజమాన్య హక్కు) చూపగలిగినవారికే ఉపయోగపడుతుంది. మిషన్‌కు ఇచ్చేశామని మీరే చెబుతున్నప్పుడు ఆ టైటిల్ మీకెక్కడిది?

పాత తేదీతో కాగితం మాత్రం పుట్టించవద్దు. సిరా, స్టాంపు, చేతిరాత నిపుణుల పరీక్షకు వెళతాయి. ఆస్తి పత్రం ఫోర్జరీకి భారతీయ న్యాయ సంహిత 338వ సెక్షన్ కింద యావజ్జీవ శిక్ష వరకు పడవచ్చు.

ముందుగా పాత రెవెన్యూ భూమి రికార్డులైన 1954-55 ఖాస్రా పహాణీ, సేత్వార్‌ల సర్టిఫైడ్ నకళ్లు, ఈసీ (భూమిపై రిజిస్టరైన లావాదేవీలు చూపే ధ్రువపత్రం) తీయించండి. ఉర్దూలో ఉన్నవాటిని అధికారికంగా అనువదింపజేయండి. బాప్తిస్మపు రిజిస్టర్లు మీ సభ్యత్వానికి రుజువే తప్ప యాజమాన్యానికి కాదు, అయినా జాగ్రత్త చేయండి. ఎందుకంటే రికార్డులు ఆ భూమి ఆరాధన కోసమే ఇచ్చినదని చూపితే, ఆసక్తిగల ఇద్దరు సభ్యులు కోర్టు అనుమతితో సివిల్ ప్రొసీజర్ కోడ్ 92వ సెక్షన్ కింద జిల్లా కోర్టులో దావా వేయవచ్చు. అది కుటుంబ హక్కు కోసం కాదు, మత ట్రస్టు ఆస్తి రక్షణ కోసం వేసేది గనుక ఆ పాత నోటీసు దానికి అంతగా అడ్డు రాదు. లీజు ఇవ్వడమే తప్పని వాదించకండి. ఆదాయం దారి మళ్లుతోందనో, ఆరాధనకు భంగం కలుగుతోందనో ఆధారాలు చూపాలి. లీజు ఒప్పందం రిజిస్టర్ కాకముందే తాత్కాలిక ఇంజంక్షన్ (నిలుపుదల ఉత్తర్వు) కోరండి.