ఎకోలో ఈఎఫ్ 60 శాతం ఉన్నా ఆయాసం ఎందుకు?
నెల్లూరు నుంచి చెన్నై వచ్చి నాన్నగారికి ఎకో (గుండె అల్ట్రాసౌండ్ పరీక్ష) చేయించారు; ఈఎఫ్ 60 శాతం ఉన్నా ఆయాసం ఎందుకని మీ ప్రశ్న. ఈఎఫ్ (ఎజెక్షన్ ఫ్రాక్షన్) అంటే నిండిన ఎడమ జఠరిక, అంటే గుండె ఎడమవైపు కింది గది, ఒక్కో స్పందనలో బయటికి నెట్టే రక్తం వంతు. 60 మామూలే. కానీ అది గుండె పిండే బలాన్నే చెబుతుంది, నిండే తీరును చెప్పదు. ఏళ్ల తరబడి రక్తపోటు, మధుమేహం ఉంటే గుండె గోడలు మందమై బిగుసుకుపోవచ్చు. అప్పుడు రక్తం నిండేటప్పుడు లోపలి పీడనం పెరిగి, ఊపిరితిత్తుల మీద పడుతుంది. అందుకే రిపోర్టులో డయాస్టాలిక్ పనితీరు (గుండె వదులై రక్తంతో నిండే తీరు), ఎడమ కర్ణిక (ఎడమవైపు పై గది) పరిమాణం తప్పక చూపించుకోండి. గుండె నిండేటప్పటి పీడనాన్ని అంచనా వేసే ఎకో కొలత అయిన ఈ బై ఈ ప్రైమ్ (E/e′) నిష్పత్తి సగటున 14 దాటితే పీడనం పెరిగిందన్న అనుమానం బలపడుతుంది. గుండెపోటు వచ్చినవారిలోనైతే ఏ గోడ కదలడం లేదన్నది ముఖ్యం. ఒక్క అంకె చూసి రిపోర్టు మడిచి పెట్టేయకండి; ఆయాసం మెట్లెక్కితేనా, పడుకున్నా వస్తుందా అన్నది కూడా కార్డియాలజిస్టుకు చెప్పండి.