బ్లాకులు లేవన్నారు.. మరి అది హార్ట్ అటాకేనా?

ప్రశ్న: మా అమ్మకు 58 ఏళ్లు. బీపీ ఉంది. తొమ్మిది రోజుల క్రితం మా మేనమామ పోయారు. మర్నాడు తెల్లవారుజామున అమ్మకు ఛాతీలో నొప్పి, చెమటలు. ఆస్పత్రిలో ట్రోపోనిన్ పెరిగిందని యాంజియోగ్రామ్ చేశారు. బ్లాకులేమీ లేవు. ఎకోలో పంపింగ్ 40 శాతం అన్నారు. డిశ్చార్జి కాగితంలో మాత్రం హార్ట్ అటాక్ అని రాసి, రక్తం పలచబడటానికి రెండు మందులు, ఒక కొలెస్ట్రాల్ మాత్ర ఇచ్చారు. బ్లాకులు లేకపోతే అది గ్యాసే, మందులు మానేయమని బంధువులు అంటున్నారు. గుండెకు ఎంఆర్ఐ చేయించమన్నారు. పెద్దకర్మ అయ్యాక నిదానంగా చూద్దామనుకుంటున్నాం. అసలు అవసరమా? - ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: మందులు మానకండి. ఇది గ్యాస్ కాదు. ట్రోపోనిన్ గుండె కండరంలో ఉండే ప్రొటీన్. గుండె కండరం దెబ్బతింటే అది రక్తంలోకి వస్తుంది. గ్యాస్ వల్ల పెరగదు. పంపింగ్ కూడా మామూలుగా 55 శాతం పైన ఉండాలి.

కానీ ఆ దెబ్బ ఎందుకు తగిలిందన్నదే అసలు ప్రశ్న. హార్ట్ అటాక్ అని తేలినవారిలో నూటికి 5 నుంచి 10 మందికి యాంజియోగ్రామ్‌లో పెద్ద బ్లాకులు కనిపించవు. వీరిలో ఆడవాళ్ల పాలు ఎక్కువ. యాంజియోగ్రామ్ చూపేది రక్తం పారే దారిని. కండరం ఎలా ఉందో అందులో తెలియదు. గడ్డ కట్టి, దానంతటదే కరిగిపోయి ఉండొచ్చు. వైరస్ వల్ల కండరానికి వాపు వచ్చి ఉండొచ్చు. రక్తం బాగా తక్కువగా ఉన్నా, గుండె విపరీతంగా వేగంగా కొట్టుకున్నా ట్రోపోనిన్ పెరుగుతుంది, కాబట్టి హిమోగ్లోబిన్ రిపోర్టు కూడా ఒకసారి చూపించండి.

మీ ఉత్తరంలో నన్ను ఆపింది మేనమామ గారి మాట. తోబుట్టువు పోయిన మర్నాడే నొప్పి వచ్చింది. తీవ్రమైన దుఃఖం తగిలినప్పుడు గుండె కింది కొస కొట్టుకోవడం మానేసి బుడగలా ఉబ్బే జబ్బు ఒకటుంది. ఎక్కువగా నెలసరి ఆగిపోయిన ఆడవాళ్లలో చూస్తాం. 1990లో జపాన్ డాక్టర్లు దీనికి 'టాకోట్సుబో' అని పేరు పెట్టారు. అక్కడి జాలర్లు ఆక్టోపస్‌లను పట్టే కుండ పేరది. మన మట్టి కూజాలాగే మెడ సన్నగా, అడుగు ఉబ్బి ఉంటుంది. మీ అమ్మగారిది ఇదేనని ఉత్తరం చూసి చెప్పలేను. తేల్చేది ఎంఆర్ఐ.

చేతి నరానికి గాడోలినియం అనే మందు ఎక్కించి, పది నిమిషాలు ఆగి ఫొటోలు తీస్తారు. ఆరోగ్యంగా ఉన్న కండరం నల్లగా, మచ్చ పడిన చోటు తెల్లగా మెరుస్తూ కనిపిస్తుంది. రక్తం అందక చచ్చిన కండరమైతే ఆ తెలుపు లోపలి అంచు నుంచి మొదలవుతుంది. వైరస్ వాపులో ఎక్కువగా గోడ మధ్యలోనో బయటి అంచునో ఉంటుంది. టాకోట్సుబోలో సాధారణంగా వాపే తప్ప మచ్చ ఉండదు. ఈ తేడాను బట్టే మందులు మారతాయి. నిజంగా గడ్డ వల్లే వచ్చిందంటే ఆ మాత్రలు కొనసాగించాలి. టాకోట్సుబో అని తేలితే రెండు రకాల రక్తం పలచబడే మందులు నెలల తరబడి మింగే అవసరం చాలామందికి ఉండదు. పంపింగ్ కూడా తరచూ కొన్ని వారాల్లో కోలుకుంటుంది.

వాపు రోజురోజుకీ తగ్గిపోతుంది కాబట్టి మొదటి రెండు వారాల్లో తీస్తేనే బొమ్మ స్పష్టంగా వస్తుంది. మీకు మిగిలినవి ఐదారు రోజులే. పెద్దకర్మ కోసం ఆపకండి. అన్ని స్కాన్ సెంటర్లలో గుండె ఎంఆర్ఐ చేయరు. గుంటూరులో కుదరకపోతే విజయవాడలో ముందే ఫోన్ చేసి అడగండి. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రిపోర్టు తీసుకెళ్లండి, కిడ్నీ సమస్య ఉంటే గాడోలినియం విషయంలో జాగ్రత్త పడాలి. ముప్పావు గంట పడుతుంది, మధ్యమధ్యలో ఊపిరి బిగపట్టమంటారు. ఇంట్లో రెండుసార్లు అలవాటు చేయించండి. గాజులు, మెట్టెలు, మంగళసూత్రం తీయాలి. చాలామంది అమ్మలు అక్కడే ఆగిపోతారు. పసుపుతాడుకు పసుపుకొమ్ము కట్టి వేయండి, దానితో మెషీన్‌కి ఏ ఇబ్బందీ లేదు.

ఈలోగా ఆయాసం వచ్చినా, కాళ్లు వాచినా, నొప్పి తిరగబెట్టినా 108కి ఫోన్ చేయండి. పెద్దకర్మ రోజు ఆవిడను వంటపనికి పిలవనివ్వకండి. పక్కన ఒకరు కూర్చుని ఉండండి.