గ్రాండ్ కేమన్‌లో ఓడ ఆగిన రోజు పెద్దవాళ్లతో బీచ్‌కి వెళ్లడం: మా అనుభవం

మీ ప్రశ్న చదువుతుంటే రెండేళ్ల క్రితం జూన్ నెలలో మా ఇంట్లో జరిగిన చర్చలన్నీ గుర్తొచ్చాయి. మీరు అమెరికాలోని మయామిలో విహార ఓడ (క్రూయిజ్) ఎక్కుతున్నారు. అది మెక్సికోలోని కొజుమెల్‌లో ఒక రోజు, కరీబియన్ సముద్రంలోని గ్రాండ్ కేమన్ దీవిలో ఒక రోజు ఆగుతుంది. వెంట డెబ్బై దాటిన నాన్నగారు, మోకాళ్ల నొప్పులున్న అమ్మగారు, ఆరేళ్ల పాప. కేమన్‌లో ఉదయం ఎనిమిది నుంచి సాయంత్రం నాలుగు దాకా సమయం ఉంది కాబట్టి స్టింగ్‌రేలు అనే చేపల్ని చూసి, బీచ్‌కి వెళ్లి, వీలైతే ఊరు కూడా తిరిగి రావచ్చా, ఇందుకు ఓడవాళ్ల టూరు కొనాలా, సొంతంగా వెళ్లవచ్చా అని అడిగారు. అమ్మగారు చీర తప్ప కట్టరని కూడా రాశారు. మా జట్టు కూడా అచ్చంగా ఇదే. కాకపోతే మా వెంట వచ్చింది కోనసీమ నుంచి మా అత్తగారు, మామగారు.

సొంతంగా వెళ్లండి. కాని ఒక్క బీచే పెట్టుకుని మిగతావన్నీ కొట్టేయండి. ఎందుకంటే మీ చేతిలో ఉన్నవి ఎనిమిది గంటలు కావు, నాలుగున్నర.

మిగిలిన మూడున్నర గంటలు ఎక్కడికి పోతాయో చెబుతాను. గ్రాండ్ కేమన్‌లో పెద్ద ఓడలు ఆనుకునే రేవు లేదు. రేవు కట్టాలన్న ప్రతిపాదన చాలా ఏళ్లుగా ఉంది కాని, 2025లో ఓటింగు పెడితే అక్కడి ప్రజలు వద్దన్నారు. అందుకని ఓడ అక్కడి రాజధాని జార్జ్ టౌన్ ఎదురుగా సముద్రంలోనే లంగరు వేస్తుంది. అక్కడినుంచి టెండర్ అనే చిన్న పడవల్లో జనాన్ని ఒడ్డుకు చేరుస్తారు. ఓడవాళ్ల టూరు కొన్నవాళ్లను ముందు దింపుతారు, తర్వాత మిగతావాళ్లకు నంబర్ల వరసలో పిలుపు వస్తుంది. ఎనిమిదికి లంగరు వేస్తే మాకు పడవ దొరికేసరికి పది కావస్తోంది. ఒడ్డు చేరి, అందరూ ఒకచోట కూడి, వ్యాను ఎక్కి, ఇసుకలో దుప్పటి పరిచేసరికి పదిన్నర దాటింది. తిరుగు ప్రయాణంలోనూ అంతే. నాలుగింటికి ఓడ బయల్దేరుతుందంటే చివరి పడవ మూడున్నరకే. కాబట్టి మూడు గంటలకు మీరు ఈ చిన్న పడవల రేవు దగ్గర వరసలో నిలబడి ఉండాలి, ఇసుకలో కాదు.

అమ్మగారి మోకాళ్ల విషయం ఇక్కడే ఆలోచించాలి. ఓడ నుంచి పడవలోకి దిగేచోట ఒక్క అడుగు దూరమే, కాని ఆ అడుగు కింద పడవ పైకీ కిందికీ ఊగుతూ ఉంటుంది. సిబ్బంది ఇద్దరు చెరో రెక్క పట్టుకుని, పడవ పైకి లేచిన క్షణంలో దాటిస్తారు. మా అత్తగారు మొదట వెనకడుగు వేశారు, రెండోసారికి కళ్లు మూసుకుని దాటేశారు. నడవలేక చక్రాల కుర్చీ మీదే ఉన్నవారిని మాత్రం అన్ని చోట్లా దింపరు. అలాంటి అవసరం ఉంటే ఓడ ఎక్కిన రోజే అడిగి పెట్టుకోండి.

ఇప్పుడు మేము చేసిన తప్పు. నిజానికి మేము కాదు, నేను.

మయామిలో వేసవిలో గడియారం ఒక గంట ముందుకు జరిపి ఉంటుంది. కేమన్‌లో ఏడాది పొడుగునా ఒకటే సమయం, జరపడం అన్నది లేదు. అంటే జూన్‌లో కేమన్ గడియారం మయామి కంటే ఒక గంట వెనక. కొన్ని ఓడలు ఆగిన చోటి సమయానికి తమ గడియారాన్ని మారుస్తాయి, కొన్ని మార్చవు. మా ఓడ మార్చలేదు. ఆ సంగతి రాత్రి గదిలో పెట్టిన కాగితంలో ఉంది. నేను చదివాను కూడా. కాని బీచ్‌లో దారి వెతుక్కోవడానికని ఫోనులో ఎయిర్‌ప్లేన్ మోడ్ తీసేశాను. ఆ మరుక్షణమే ఫోను చడీచప్పుడు లేకుండా కేమన్ సమయానికి మారిపోయింది.

నేను నీళ్లలోంచి వచ్చి ఫోను చూస్తే 1:50. ఇంకా బోలెడంత సమయం ఉంది కదా అని పాపకు ఐస్‌క్రీం కొనడానికి లేచాను. మామగారు అప్పటికే పంచె సర్దుకుని, చెప్పులు దులుపుకుంటూ కూర్చున్నారు. ఆయన చేతికి పెళ్లినాటి హెచ్ఎంటీ వాచీ. కీ ఇచ్చి తిప్పుకోవాలి. ఓడ ఎక్కిన మొదటి రోజు భోజనాల హాల్లో గోడ గడియారం చూసి దిద్దుకున్నారు, మళ్లీ ముట్టుకోలేదు.

"అమ్మాయీ, నా వాచీలో మూడు కావస్తోంది కదమ్మా" అన్నారు.

"లేదు మామయ్యగారూ, ఇంకా రెండు కూడా కాలేదు. మీ వాచీ తప్పు" అన్నాను, చాలా ధీమాగా.

ఆయన వాదించలేదు. "సరేనమ్మా, ఓడవాళ్లు ఏ గడియారం చూస్తారో మరి" అన్నారు. అప్పుడు వెలిగింది. తువ్వాళ్లు ఎలా చుట్టామో, పాప ఇసుక బకెట్టు ఎక్కడ పడేసిందో తెలియదు. రోడ్డు మీద ఆగి ఉన్న వ్యాను ఎక్కితే, సీట్లు నిండితేగాని కదలనన్నాడు డ్రైవరు. ఖాళీగా ఉన్న మూడు సీట్లకూ మా వారు డబ్బులిచ్చేశారు. ఓడ గడియారం ప్రకారం 3:18కి రేవులో వరస చివర నిలబడ్డాం. మా వెనక ఇంకో ఇరవై మంది వచ్చారు, వాళ్లలో సగం మంది ఫోనుల వంకే చూసుకుంటున్నారు.

అందుకని ఇంట్లో ఎవరిదగ్గరైనా దానంతటది సమయం మార్చుకోని వాచీ ఉంటే, ఓడ సమయానికి దిద్ది పెట్టుకుని దిగండి. ఓడవాళ్ల టూరుకి ఎక్కువ డబ్బు పెట్టడంలో ఉన్న అసలు లాభం కూడా ఇదే. వాళ్లు నడిపే టూరు ఆలస్యమైతే ఓడ ఆగుతుంది, లేదా తర్వాతి రేవుకు చేర్చే బాధ్యత వాళ్లే తీసుకుంటారు. సొంతంగా వెళ్తే ఎవరూ ఆగరు. కాని మేము వెళ్లిన సెవెన్ మైల్ బీచ్ ఆ రేవు నుంచి పదిహేను నిమిషాల దూరం. ఇంత దగ్గరకు ఆ భరోసా కొనుక్కోవడం నా దృష్టిలో దండగ. దీవి అవతలి కొసకు వెళ్లాలనుకుంటే మాత్రం కొనండి.

ఇక బీచ్ సంగతి. పేరు సెవెన్ మైల్ అయినా నిజానికి పొడవు ఆరు మైళ్లకు లోపే. దీవికి పడమటి వైపున ఉంది. ఆ ప్రాంతంలో గాలి ఎక్కువగా తూర్పు నుంచి వీస్తుంది కాబట్టి ఈ వైపు నీరు చెరువులా ఉంటుంది. విశాఖలోనో సూర్యలంకలోనో అలల హోరు విని పెరిగినవాళ్లకు ఇది సముద్రమని నమ్మబుద్ధి కాదు. చలికాలంలో వాయవ్య దిక్కునుంచి గాలి తిరిగినప్పుడు మాత్రం ఇదే వైపు అల్లకల్లోలం అవుతుంది. అప్పుడు పడవల్ని దక్షిణాన ఉన్న స్పాట్స్ అనే చోటికి మళ్లిస్తారు, లేదా ఓడ ఆగకుండానే వెళ్లిపోతుంది. జూన్ నుంచి నవంబరు దాకా తుపానుల కాలం కాబట్టి అప్పుడు కూడా మార్గం మారవచ్చు.

మామగారు నీళ్లలో మోకాలి లోతున నిలబడి చాలాసేపు తన పాదాలనే చూసుకున్నారు. వేలిగోళ్లు కూడా కనబడుతున్నాయి. "ఇంత తేటగా ఎలా ఉంది?" అని అడిగితే, ఈ దీవిలో నదులు లేవని మా వారు చెప్పారు. ఆయనకు నమ్మకం కుదరలేదు. "ఒక్కటీ లేదా?" అంతర్వేది దగ్గర గోదావరి కలిసేచోట ఎర్రటి నీళ్లు చూస్తూ పెరిగిన మనిషి. నది లేకపోతే ఒండ్రు రాదు, ఒండ్రు రాకపోతే నీరు తేటగా ఉంటుంది. లెక్క అర్థమయ్యాక ఆయన తేల్చిన మాట, "అయితే వీళ్లకు వరి పండదన్నమాట." నిజమే, పండదు. బీచ్ వెనక సరుగుడు చెట్లు చూసి ఆయన మరీ సంబరపడ్డారు. అవి అక్కడివి కావు, బయటినుంచి వచ్చినవే. మన తీరానికీ అలాగే వచ్చాయి. ఆ నీడలోనే దుప్పటి పరిచాం, గొడుగు అద్దెకు తీసుకునే పని తప్పింది.

నీడ సంగతి తేలిగ్గా తీసుకోకండి. కేమన్ దాదాపు మన ఇచ్ఛాపురం ఉన్న అక్షాంశం మీదే ఉంది. జూన్‌లో మిట్టమధ్యాహ్నం సూర్యుడు దాదాపు నెత్తిమీదే. అక్కడి ఇసుక పగడాలు, గవ్వలు అరిగి ఏర్పడింది కాబట్టి తెల్లగా ఉంటుంది, కాళ్లు పెద్దగా కాలవు. ఆ చల్లదనం చూసి మోసపోతాం, వెలుతురు కిందినుంచి కూడా ముఖం మీదికి కొడుతూ ఉంటుంది. మనకు నల్లటి ఒళ్లు, ఎండ ఏం చేస్తుందిలే అన్నారు మామగారు. మూడో రోజుకు ఆయన బట్టతల పొట్టు లేచింది. టోపీ తప్పనిసరి. పగడాలకు హాని చేయని రకం సన్‌స్క్రీన్ చూసి కొనండి.

పాపకు ముందే చెప్పాల్సిన మాట ఒకటి ఉంది. కరీబియన్ తీరాల్లో మాంచినీల్ అనే చెట్టు ఉంటుంది. కాయలు చిన్న ఆకుపచ్చ ఆపిల్ పండ్లలా ముద్దొస్తాయి, కాని విషం. పాలు తగిలినా చర్మం బొబ్బలెక్కుతుంది, వాన పడేటప్పుడు ఆ చెట్టు కింద నిలబడటం కూడా ప్రమాదమే. కింద రాలిన కాయ ఏదీ ముట్టుకోవద్దని చెప్పండి చాలు. అటూ ఇటూ తిరిగే కోళ్లతో ఆడుకోమనండి. ఆ దీవిలో రోడ్ల మీదా, బీచ్ మీదా, ఎక్కడ చూసినా కోళ్లే.

రోడ్డు దాటేటప్పుడు ఒక తమాషా. కేమన్ బ్రిటన్ ఏలుబడిలోని దీవి కాబట్టి బండ్లు ఎడమవైపున నడుస్తాయి. అమెరికాకు అలవాటు పడిన మేమిద్దరం తప్పు దిక్కుకు చూసి అడుగేయబోతుంటే, అత్తగారు సరైన దిక్కుకు చూసి ఇద్దరినీ వెనక్కి లాగారు.

డబ్బు విషయంలో ఒక్కటే జాగ్రత్త. అమెరికా డాలర్లు ఎక్కడైనా తీసుకుంటారు, కాని ధరల పట్టికలో రాసింది తరచుగా కేమన్ డాలర్లలో ఉంటుంది. వాళ్ల డాలరు విలువ మన చేతిలోని అమెరికా డాలరు కంటే ఎక్కువ. దుకాణాల్లో మామూలుగా లెక్కగట్టేది వాళ్ల ఎనభై సెంట్లకు మన ఒక డాలరు, అంటే పది అని రాసి ఉంటే మీరిచ్చేది పన్నెండున్నర. చిల్లర వాళ్ల నోట్లలో ఇస్తారు. మేము వెళ్లినప్పుడు వ్యానుకు మనిషికి ఆరు డాలర్లు తీసుకున్నారు. కుర్చీలు, గొడుగు కావాలంటే కూర్చోకముందే ధర ఖాయం చేసుకోండి. మా పక్కన కూర్చున్న కుటుంబానికి లేచేటప్పుడు వేరే ధర చెప్పారు. నీళ్లు, తడి ఇసుక మాత్రం హోటళ్ల సొత్తు కావు, హోటల్ ముందైనా తడి ఇసుకలో నడిచే హక్కు అందరికీ ఉంది.

తిండి: ఓడలోంచి పండ్లు, వండినవి దింపనివ్వరు. సీలు విప్పని బిస్కెట్లు, చిప్స్ లాంటివి పర్వాలేదు. ఒడ్డున శాకాహారులకు దొరికేది కొబ్బరిపాలలో వండిన బీన్స్ అన్నం, వేయించిన పెద్ద అరటిపండు. అన్నంలో మాంసం వేశారేమో అడగండి, కొన్నిచోట్ల వేస్తారు. అత్తగారు సంచిలోంచి ఆవకాయ పొట్లం తీసిన తర్వాత ఆ అన్నం గురించి ఎవరూ ఫిర్యాదు చేయలేదు.

స్టింగ్‌రేలు, అంటే మామగారి మాటలో టేకు చేపలు, ఉత్తరాన ఉన్న లోతు తక్కువ ఇసుక దిబ్బ మీద ఉంటాయి. ఒకప్పుడు జాలరులు అక్కడ చేపలు శుభ్రం చేసి వ్యర్థాలు పారేసేవాళ్లు. ఆ రుచికి మరిగి చేరాయట. చూడదగ్గ వింతే. కాని రేవు నుంచి బస్సు, అక్కడినుంచి పడవ, మళ్లీ వెనక్కి, నిచ్చెన ఎక్కడం దిగడం. మోకాళ్ల నొప్పులవాళ్లతో అది ఒక రోజంతా పని. అది పెట్టుకుంటే బీచ్ వదిలేయండి.

కొజుమెల్‌లో ఈ పడవల బెడద లేదు, ఓడ రేవుకే ఆనుకుంటుంది. అక్కడ భోజనం, కుర్చీలు, స్నానాల గదులు కలిపి ఒకే టిక్కెట్టు తీసుకునే బీచ్ క్లబ్బులు పడమటి ఒడ్డున ఉన్నాయి. పెద్దవాళ్లకు అదే సుఖం. తూర్పు ఒడ్డు చూడటానికి బాగుంటుంది, ఈతకు మాత్రం వద్దు, లాగేస్తుంది. వేసవిలో అక్కడి గడియారం కూడా మయామి కంటే ఒక గంట వెనకే.

మీ అమ్మానాన్నలు విజిటర్ వీసా మీద వచ్చినవాళ్లైతే, ఓడ దేశం దాటి తిరిగి వస్తుంది కాబట్టి ఆ వీసా ఒకటికంటే ఎక్కువసార్లు ప్రవేశానికి పనికొచ్చేదై ఉండాలి. టిక్కెట్టు కొనకముందే చూసుకోండి.

చివరగా చీర. కట్టుకోనివ్వండి, కాని నూలు చీర కాకుండా తేలికగా ఆరే సింథటిక్ రకం ఏదైనా పెట్టమనండి. అత్తగారు నూలు చీరతో దిగారు. తడిసేసరికి అది బరువెక్కి కాళ్లకు చుట్టుకుంది, నాలుగడుగులు వేయడానికే ఇద్దరం పట్టుకోవాల్సి వచ్చింది. అప్పుడు ఆవిడ కుచ్చిళ్లు పైకి దోపి, కొంగు నడుముకు బిగించి, మోకాలి లోతు నీళ్లలో చతికిలబడి కూర్చున్నారు. గంటన్నర దాకా లేవలేదు. దోసిలితో నీళ్లు తీసి ఏ దేవుడికో అర్ఘ్యం కూడా ఇచ్చారు. పక్కన ఈదుతున్న ఒక తెల్లావిడ అది చూసి తనూ దోసిలి పట్టింది. పబ్లిక్ బీచ్‌లో బాత్‌రూములు ఉన్నాయి కాబట్టి మార్చుకోవడానికి ఇబ్బంది లేదు. మార్చుకునే చీరను మాత్రం ప్లాస్టిక్ సంచిలో విడిగా పెట్టండి. మేము పెట్టలేదు, పొడి చీర కూడా తువ్వాళ్లతో పాటే తడిసింది.