తలకు దెబ్బ తగిలిన మనిషి ఆరు నెలలు దాటితే ఇక కోలుకోడా?

నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. పరకాల దగ్గర బండి మీద నుంచి పడి మీ తమ్ముడి తలకు దెబ్బ తగిలి రెండు నెలలైంది. కళ్ళు తెరిచాడు, మాట్లాడుతున్నాడు, కానీ అమ్మ మీద కూడా చెయ్యి ఎత్తుతున్నాడు, నిన్ను గుర్తుపట్టడం లేదు. ఆరు నెలల్లోపు ఎంత వస్తే అంతే, ఆ తర్వాత ఏమీ రాదని చుట్టాలు అంటున్నారు, నిజమేనా అని అడిగావు. నాకంటే చిన్నదానివి అనిపించింది, చెల్లె అనే పిలుస్తాను. ఆ మాట నిజం కాదు చెల్లె. మా ఇంట్లో నాలుగేళ్లుగా చూస్తున్నాను కాబట్టి చెబుతున్నాను.

మా ఆయన ఎనుమాముల మార్కెట్లో ఒక అడ్తి దుకాణంలో గుమాస్తా. యాసంగి వడ్లు రోడ్డు మీద ఆరబోసే రోజులవి. రాత్రి నర్సంపేట రోడ్డులో వస్తుంటే నల్ల టార్పాలిన్ కప్పిన కుప్ప, దాని చుట్టూ పెట్టిన రాళ్లు కనపడలేదు. హెల్మెట్ బండికే వేలాడుతోంది. ఆసుపత్రికి తెచ్చినప్పుడు జీసీఎస్ 6 అన్నారు. మనిషికి స్పృహ ఎంత ఉందో చూడడానికి 1974లో గ్లాస్గో డాక్టర్లు టీస్‌డేల్, జెనెట్ తయారుచేసిన లెక్క అది. కళ్ళు తెరవడం, మాట, కాళ్లు చేతుల కదలిక, ఈ మూడింటినీ కలిపి 3 నుంచి 15 వరకు వేస్తారు. 8 గానీ అంతకు తక్కువ గానీ ఉంటే దెబ్బ తీవ్రమైనదని అర్థం. మీ తమ్ముడి కాగితాల్లో మొదటిరోజు అంకె ఎంతుందో చూడు. మా ఆయనకు ఎడమవైపు పుర్రె ఎముక తీసి, మళ్ళీ అమర్చేదాకా పొట్ట చర్మం కింద దాచారు.

ఇక కొట్టడం గురించి. ఆయన కళ్ళు తెరిచిన వారానికి, పెళ్లయిన పదమూడేళ్లలో ఒక్కసారి కూడా నోట రాని బూతులు మా అత్తమ్మను తిట్టాడు. ట్యూబులు పీకేస్తున్నాడని చేతులు కట్టేశారు. మనిషే మారిపోయాడని నేను మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. అప్పుడు ఫిజియోథెరపీ చేసే పిల్లాడు ఒక మాట చెప్పాడు. అమెరికాలో రాంచో లాస్ అమిగోస్ అనే ఆసుపత్రి వాళ్లు తలదెబ్బ నుంచి తేరుకోవడాన్ని మొదట ఎనిమిది మెట్లుగా రాశారట. అందులో నాలుగోది ఇదే, అయోమయం, ఆవేశం. మూడో మెట్టు దాటినవాళ్లలో చాలామంది దీని మీదుగానే పోతారట. ఆ సమయంలో మెదడు కొత్త జ్ఞాపకాన్ని నిలుపుకోలేదు. తానెక్కడున్నాడో, ఎవరు ఎందుకు పట్టుకున్నారో తెలియదు, ప్రతి నిమిషం కొత్తగా భయపడతాడు. అది మీ తమ్ముడి గుణం కాదు. మా ఆయనకు ఆ రోజులేవీ ఇప్పటికీ గుర్తు లేవు.

ఆవేశం వచ్చిన ప్రతిసారీ ముందు ఒంట్లో ఏముందో చూడాలి. నొప్పి, జ్వరం, మూత్రం బిగబట్టడం, మలబద్ధకం, నిద్ర లేకపోవడం. నోటితో చెప్పలేడు కదా. మా ఆయనకు ఐదు రోజులు విరేచనం కాలేదన్న సంగతి ఎవరం గమనించలేదు. అది సరైన రాత్రి మొదటిసారి నాలుగు గంటలు నిద్రపోయాడు. తర్వాత గదిలో టీవీ తీసేశాం, లైటు తగ్గించాం, ఒక్కరమే ఉండేవాళ్లం.

ఇంటికి తెచ్చాక అసలు కష్టం చూసిపోవడానికి వచ్చేవాళ్లతో. మన దగ్గర సంగతి నీకు తెలుసు, పండ్లు పట్టుకుని ఊరు ఊరంతా వస్తారు. మంచం పక్కన నిలబడి ప్రతి ఒక్కరూ "నేనెవరిని, గుర్తుపట్టినవా?" అని అడుగుతారు. ప్రేమతోనే అడుగుతారు, కానీ అది పరీక్ష. ఆయన మా మరిదిని పట్టుకుని మేనమామ పేరు చెప్పాడు. అందరూ కాదు కాదు అన్నారు. మర్నాడు మళ్ళీ అదే తప్పు పేరు. దీని మీద పరిశోధన ఉంది. 1994లో బాడ్లీ, బార్బరా విల్సన్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు, జ్ఞాపకం బాగా దెబ్బతిన్నవాళ్లతో ఊహించి చెప్పించడం కంటే తప్పు చేసే అవకాశమే ఇవ్వకుండా నేర్పితే బాగా నేర్చుకుంటారని చూపించారు. వాళ్లకు తప్పు చేసినట్టు గుర్తుండదు, తప్పు మాత్రం అలవాటైపోతుంది. అందుకే వచ్చినవాళ్లను గుమ్మంలోనే ఆపి "అన్నా, నేను రమేష్‌ను, నీ తమ్ముణ్ణి" అని చెప్పి లోపలికి రమ్మని అడిగేదాన్ని. కొందరికి కోపం వచ్చింది. రానీ. రెండు వారాల్లో మరిది పేరు నిలబడింది. నువ్వు కూడా రోజూ మొదట నీ పేరు, వరస చెప్పి మాట మొదలుపెట్టు.

ఏ పూట ఏం జరిగిందో నిలిచేది కాదు. అన్నం తిని అరగంటకు పెట్టలేదని గొడవ. ఆయన జీవితమంతా చిట్టా రాసిన మనిషి, అందుకే ఒక చిట్టా పుస్తకమే కొని చేతికిచ్చాను. తారీఖు, లేచిన వేళ, తిన్నది, వేసుకున్న గోలీ, వచ్చినవాళ్లు. మొదట నేను చెబితే రాసేవాడు, అక్షరాలు వంకర. గొడవ వచ్చినప్పుడు వాదించకుండా పుస్తకం తెరిచేదాన్ని, తన చేతిరాతను తాను నమ్మేవాడు. దానికి తోడు ఫోన్లో అలారాలు పెట్టాం. ఇంగ్లండ్‌లో 2001లో బార్బరా విల్సన్ బృందమే 143 మందికి పేజర్, అంటే మోగి చిన్న సందేశం చూపించే పరికరం, ఇచ్చి చూసింది. చేయాల్సిన పని పేజర్ గుర్తుచేస్తే నూటికి ఎనభై మందికి పైగా ముందుకంటే బాగా చేసుకోగలిగారు. పోయిన జ్ఞాపకం తిరిగి వచ్చేదాకా కూర్చోకుండా, జ్ఞాపకాన్ని కాగితం మీద, ఫోన్లో పెట్టుకోవచ్చన్నమాట.

ఆరు నెలల సంగతికి వస్తాను. మొదటి నెలల్లో మార్పు వేగంగా ఉంటుంది, తర్వాత నెమ్మదిస్తుంది. నెమ్మదించడాన్నే మనవాళ్లు ఆగిపోవడం అంటున్నారు. ట్రాక్ టీబీఐ అనే అమెరికా అధ్యయనం ఫలితాలు 2021లో వచ్చాయి. తీవ్రమైన దెబ్బ తగిలినవాళ్లలో దాదాపు సగం మంది, మధ్యరకం దెబ్బవాళ్లలో దాదాపు ముప్పావు వంతు మంది ఏడాదికల్లా పగలు కనీసం ఎనిమిది గంటలు ఇంట్లో ఒంటరిగా ఉండగలిగారు. అక్కడి వైద్యం వేరు, మన ఇళ్లు వేరు, ఒప్పుకుంటాను. మా ఆయన అయితే తొమ్మిదో నెలలో ఒంటరిగా స్నానం చేశాడు, పద్నాలుగో నెలలో కూడికలు సరిగ్గా వేశాడు, రెండో ఏడు దాటాక మళ్ళీ మార్కెట్‌కు పోయాడు. ఇప్పుడు మధ్యాహ్నం దాకానే పని, ఆ తర్వాత చప్పుడు తట్టుకోలేడు, తల బరువెక్కుతుంది. వాసన ఇప్పటికీ తెలియదు, అందుకే గ్యాస్ దగ్గరికి ఒంటరిగా పోనివ్వం.

ఒక్కటి మాత్రం భయపెట్టైనా చెప్పాలి. మూడో నెలలో మా ఆయన మళ్ళీ మందగించాడు. పగలంతా నిద్ర, నడక తడబాటు, పక్కలో మూత్రం. బద్ధకమని, ఇంతేనని అన్నారు చుట్టుపక్కలవాళ్లు. స్కాన్ తీస్తే మెదడులో నీరు చేరింది. ఆ నీటిని పొట్టలోకి దింపే సన్న గొట్టం, షంట్ అంటారు, వేశాక వారంలో మనిషి లేచాడు. బాగుపడుతున్న మనిషి వెనక్కి పోతే అది విధి అనుకోవద్దు, ఆ రోజే డాక్టర్ దగ్గరికి తీసుకుపో. ఫిట్స్ వచ్చినా అంతే.

మందుల గురించి కూడా అడిగావు. మెదడు బలానికని సిటికోలిన్ గోలీలకు నెలకు వేలల్లో పెట్టాం. తలదెబ్బ తగిలిన 1,213 మంది మీద అమెరికాలో చేసిన పరిశోధన 2012లో వచ్చింది, తొంభై రోజులు వాడినా ఉత్తుత్తి గోలీ కంటే మేలు కనిపించలేదు. ఆ కాగితం చూపించి అడిగితే మా డాక్టరే ఆపించారు. ఆ డబ్బు ఫిజియోథెరపీకి పెట్టాం. ఆపరేషన్ ఆరోగ్యశ్రీలో పోయింది గానీ, ఇంటికి వచ్చి చేసేదానికి చేతి నుంచే పెట్టుకోవాల్సి వచ్చింది. కానీ ఫిట్స్ గోలీ మాత్రం నీ అంతట నువ్వు ఒక్క పూట కూడా ఆపొద్దు. బెంగళూరు నిమ్హాన్స్‌లో నరాల జబ్బుల పునరావాసానికే వేరే విభాగం ఉంది, ఒక్కసారైనా చూపించగలిగితే చూపించు.

రేపటి నుంచి ఒక కాగితం మీద మీ తమ్ముడి నిద్ర గంటలు, విరేచనం, ఆవేశం వచ్చిన వేళ, అంతకు ముందు గదిలో ఏం జరిగిందో రాయి. పది రోజులకు రాసినది ఇక్కడ పెట్టు, నేను చూస్తాను. తర్వాతి రివ్యూకు వెళ్లినప్పుడు ఆ కాగితమే డాక్టర్ ముందు పెట్టు.