రంపం పెట్టకముందు రాయవలసినవి

చిరంజీవికి ఆశీస్సులు.

పాత వంటగది అరల్లో డిష్‌వాషర్ అమర్చుకోవడం గురించి నువ్వు పంపిన వ్యాసం చదివాను. చేతిపనుల గురించి తెలుగులో రాసేవాళ్ళే తక్కువ. రాసేవాళ్ళలోనూ కంపెనీ కరపత్రాలను తిరగరాసేవాళ్ళే ఎక్కువ. నువ్వు ఆ దారి పట్టలేదు, అందుకే కాస్త నిష్ఠూరంగానైనా అన్నీ చెబుతాను.

మొదటి రెండు పేరాలు కొట్టెయ్యి. అమ్మమ్మల కాలంలో బూడిదతో అంట్లు తోమడం గురించి బాగానే రాశావు కానీ, నీ వ్యాసం తెరిచే మనిషి ఇంట్లో వడ్రంగి అప్పటికే వచ్చి నిలబడి ఉంటాడు. అతనికి ఏం చెప్పాలో ఆ చదివే మనిషికి కావాలి. ఇలాంటి వ్యాసానికి నేను పాటించే క్రమం ఒక్కటే: ఒకసారి చేస్తే వెనక్కి తీసుకోలేనిది ముందు, తర్వాత సర్దుకోగలిగినది వెనక. నువ్వు తలుపు రంగుతో మొదలుపెట్టి కొలతలను చివరికి నెట్టావు.

ఆ కొలతల్లోనూ, ‘60 సెంటీమీటర్ల అర ఉంటే చాలు’ అన్న వాక్యం ప్రమాదకరం. మాడ్యులర్ అర 600 మిల్లీమీటర్లంటే అది బయటి కొలత. రెండు పక్కలా 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ పోతే లోపల మిగిలేది 564. యంత్రమేమో 600కు ఒకటి రెండు మిల్లీమీటర్లు మాత్రమే తక్కువ. కాబట్టి తలుపు ఊడదీసి లోపలికి తోస్తే పట్టదు. అడుగు పలకతో సహా ఆ పెట్టె మొత్తం బయటికి రావాలి. వస్తే పైనున్న గ్రానైటును ఏది మోస్తుంది? ముఖ్యంగా రాయికి అక్కడే అతుకు ఉంటే? ఈ ప్రశ్న నీ వ్యాసంలో ఎక్కడా లేదు. వంట గట్టు కడప బండల మీద గానీ ఇటుక గోడల మీద గానీ నిలబడిన పాత ఇళ్ళలో ఆ ఆధారాన్ని కదిలించకూడదని మొదటి పేరాలోనే చెప్పు. అలాంటి చోట 45 సెంటీమీటర్ల సన్న రకమైనా పడుతుందేమో చూసుకోమను.

ఎత్తు ఊసే ఎత్తలేదు. గట్టు కింద అమర్చే యంత్రాలకు సాధారణంగా 82 సెంటీమీటర్ల ఖాళీ కావాలి. మన గట్టు నేల నుంచి 34 అంగుళాలైతే 86 సెంటీమీటర్లు. అందులో గ్రానైటు, దాని కింది బండ మందం పోతే బొటాబొటీ. 32 అంగుళాల గట్టయితే ఆశ వదులుకోవలసిందే. మేస్త్రీ అంగుళాల్లో చెబుతాడు, యంత్రంతో వచ్చే పుస్తకం మిల్లీమీటర్లలో ఉంటుంది. ఆ లెక్క పాఠకుడి నెత్తిన వేయకుండా నువ్వే కట్టి పెట్టు.

‘పాత తలుపునే యంత్రానికి బిగించుకోవచ్చు’ అన్న చోట నాకు ఆసక్తి కలిగింది, నువ్వేమో అక్కడే ఆపేశావు. పాత తలుపుకు పిడి ఓ పక్కన నిలువుగా ఉంటుంది. డిష్‌వాషర్ తలుపు పైనుంచి ముందుకు వాలుతుంది కనుక పిడి పై అంచుకు రావాలి. మరి పాత రంధ్రాల సంగతి? తలుపు వాలేటప్పుడు కింది అంచు, అరల అడుగున నేల దగ్గర ఉండే స్కర్టింగ్ పట్టీకి తగులుతుంది, ఆ పట్టీని ఎంత కోయాలి? యంత్రం ఎంత బరువు తలుపును మోయగలదో పుస్తకంలో ఉంటుంది, అది చూడమన్నావా? ఒకసారి వడ్రంగి పక్కన కూర్చుని చూస్తే ఈ పేరా పేజీ అవుతుంది.

నీళ్ళ సంగతి క్లుప్తంగా చాలు. సింకు పక్కనే పెట్టమను. మురుగు గొట్టాన్ని గట్టు అడుగు దాకా ఎత్తి వంచి దింపాలి, లేకపోతే సింకు నీళ్ళు యంత్రంలోకి వెనక్కి వస్తాయి. 16 ఆంపియర్ల సాకెట్ పక్క అరలో ఉండాలి. యంత్రం వెనక పెడితే ప్లగ్గు తీయాలన్నప్పుడల్లా యంత్రాన్నే లాగాలి. పై అంతస్తువాళ్ళకు ఒక వాక్యం విడిగా రాయి: ట్యాంకు నీళ్ళు కుళాయికి మూడు మీటర్ల ఎత్తులోనే ఉంటే వచ్చే ఒత్తిడి 0.3 బార్, కొన్ని యంత్రాలకు అది చాలదు.

గొట్టాల కోసం పక్క పలకకు వేసిన రంధ్రం అంచులకు తడి చొరకుండా సీలెంటు పూయమని నువ్వు రాసిన వాక్యం బంగారం. కోసిన అంచు తేమ పీల్చి ఉబ్బుతుందన్న కారణం కూడా చేర్చు. గట్టు అడుగున ఆవిరి తగలకుండా అంటించే రేకు పట్టీ మాట కూడా దాని పక్కనే వస్తుంది.

ఇక ‘తగినంత’, ‘కాస్త’, ‘సుమారుగా’ అన్నవి ఎక్కడెక్కడ ఉన్నాయో ఎర్ర సిరాతో గుర్తు పెట్టాను. అంకె దొరికిన చోట అంకె వెయ్యి. దొరకని చోట ఆ వాక్యమే తీసెయ్యి. ఫొటోలో ఉన్న చెక్క గట్టు వంటగది మన పాఠకులకు పనికిరాదు. దాని బదులు ఖాళీ చోటును ఎదురుగా, పక్కనుంచి చూపే రెండు గీతల బొమ్మలు పంపు. అవి వచ్చాక మళ్ళీ చదువుతాను.

ఆశీస్సులతో.