మార్కులు ఒకటే, మాటలు వేరు

ప్రశ్న: విశాఖపట్నంలో ఒక ప్రైవేటు పాఠశాలలో ఎనిమిదో తరగతికి లెక్కలు చెబుతాను. మొన్న ప్రోగ్రెస్ కార్డులు రాస్తూ, సమానంగా మార్కులు వచ్చిన ఇద్దరిలో, కలిగినవారు ఉండే సీతమ్మధార అబ్బాయికి ‘చురుకైనవాడు, శ్రద్ధ పెడితే ఇంకా రాణిస్తాడు’ అనీ, జాలరిపేట అమ్మాయికి ‘బాగా కష్టపడుతుంది’ అనీ రాశాను. ఆ అమ్మాయి తల్లి చేపలు అమ్ముతారు. ఎవరినీ తక్కువగా చూడననుకునే నేను అలా ఎందుకు రాశాను?
– ఒక ఉపాధ్యాయిని, ఎం.వి.పి. కాలనీ

జవాబు: మీరు రాసినవి రెండూ మెచ్చుకోళ్లే కాబట్టి వాటి మధ్య తేడా సులభంగా కంటికి ఆనదు. అబ్బాయి మార్కులను తెలివికి, అమ్మాయి మార్కులను శ్రమకు జమకట్టారు. కష్టపడడం చిన్న విషయమేమీ కాదు గాని, ఆ మాట ఒక్కరికే దక్కినప్పుడు రెండోవారికి తెలివి పుట్టుకతోనే ఉన్నదని ఒప్పుకున్నట్లవుతుంది.

1983లో జాన్ డార్లీ, పేజెట్ గ్రాస్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞులు అమెరికాలోని ప్రిన్స్‌టన్ విద్యార్థులకు హన్నా అనే నాలుగో తరగతి బాలిక వీడియో చూపించారు. ఆమె సంపన్నుల పేటలో పెరిగినట్లు కొందరికి, పేదల పేటలో పెరిగినట్లు మరికొందరికి కనిపించింది. అంతవరకే చూసినవారి అంచనాలలో పెద్ద తేడా లేదు. పేటను బట్టి పిల్లను తూచకూడదన్న ఇంగితం వారిని ఆపింది. అయితే ఆమె పరీక్షలో జవాబులు చెబుతున్న దృశ్యాన్ని కూడా చూసినవారు, ఆ దృశ్యం అందరికీ ఒక్కటే అయినా, సంపన్నురాలనుకుంటే ఎక్కువగా, పేదపిల్ల అనుకుంటే తక్కువగా ఆమె స్థాయిని లెక్కగట్టారు. ఆధారం ఏదీ చేతిలో లేనప్పుడు మనం జాగ్రత్తగానే ఉంటాం. జవాబు పత్రం చేతికి రాగానే ‘చూసే రాశాను’ అన్న ధీమా ఏర్పడి, పాత నమ్మకం దాని చాటున తన పని తాను చేసుకుపోతుంది. మీకు జరిగింది కూడా ఇదేనని నేననుకుంటున్నాను.

ఫిషింగ్ హార్బర్‌లో వేలం పాడి, గంప ధరను, ఐసు ఖర్చును, ఆటో కిరాయిని క్షణంలో మనసులోనే కూడి అమ్మకం ధర నిర్ణయించే స్త్రీని చూసి, ఈమెది గణిత బుద్ధి అని మనలో ఎందరం అంటాం? ఆ లెక్కను ‘బతుకుదెరువు’ అనేసి ఊరుకోవడం మనకు చిన్నప్పటి నుంచీ అలవాటు.

ఇకపై పేరున్న మూలను మడిచి పత్రాలు దిద్దండి. వ్యాఖ్యను కూడా పేరు చూడకముందే, ఏ లెక్కను ఏ దారిలో సాధించారన్న దాన్ని బట్టి రాయండి. ముందుగా ఆ అమ్మాయి పత్రాన్ని మళ్లీ తెరవండి. ఆమె తెలివిగా చేసిన లెక్క ఏదో గుర్తించి, ఆ సంగతి కార్డు మీద చేర్చి, వచ్చే సమావేశంలో ఆమె తల్లికి మీ నోటితోనే చెప్పండి.