ఎన్‌ఎల్‌ఆర్ ఎక్కువుంటే క్యాన్సర్ తిరగబెడుతుందా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మా నాన్నకి కడుపు క్యాన్సర్ ఆపరేషన్ అయింది. అంతకు ముందు చేసిన రక్తపరీక్షలో ఎన్‌ఎల్‌ఆర్ 4 అని ఉంది, ఇది ఎక్కువుంటే మళ్లీ వస్తుందని చదివినప్పట్నుంచి నిద్ర పట్టట్లేదు. నిజమేనా?

జవాబు: ముందు ఆ అంకె ఎలా వచ్చిందో చూడండి. ఎన్‌ఎల్‌ఆర్ అంటే రెండు రకాల తెల్ల రక్తకణాలు, న్యూట్రోఫిల్స్‌కీ లింఫోసైట్స్‌కీ మధ్య నిష్పత్తి. మామూలు సీబీసీలో, అంటే రక్తకణాల లెక్క పరీక్షలో, న్యూట్రోఫిల్స్ 6000, లింఫోసైట్స్ 1500 ఉన్నాయనుకోండి, 6000ని 1500తో భాగిస్తే 4, అంతే, వేరే టెస్టేం లేదు. ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్ (వాపు, మంట లాంటి ప్రతిస్పందన) ఉంటే న్యూట్రోఫిల్స్ పెరుగుతాయి, క్యాన్సర్‌తో పోరాడే లింఫోసైట్స్ తగ్గుతాయి, అందుకే చాలామంది పేషెంట్లని కలిపి చూసినప్పుడు ఇది ఎక్కువున్నవాళ్లకి చికిత్స ఫలితాలు అంత బాగా రాని మాట నిజమే. కానీ అది గుంపు లెక్క, మీ నాన్నగారి జాతకం కాదండీ. బ్యాక్టీరియా ఇన్ఫెక్షన్ ఉన్నా, స్టెరాయిడ్స్ వాడినా పెరిగిపోతుంది, పైగా ఇంత దాటితే ప్రమాదం అని అందరూ ఒప్పుకున్న గీతే లేదు.

ఇన్‌ఫ్లమేషన్ ఉంటే రక్తంలో పెరిగే సీఆర్‌పీ, రక్తంలోని ఆల్బుమిన్ అనే ప్రొటీన్, ఈ రెండూ కలిపి చూసే గ్లాస్గో ప్రోగ్నోస్టిక్ స్కోరు కూడా ఉంది. సీఆర్‌పీ లీటరుకి 10 మిల్లీగ్రాములు దాటి, ఆల్బుమిన్ డెసిలీటరుకి 3.5 గ్రాముల కన్నా తగ్గితే స్కోరు 2, అంటే ఇన్‌ఫ్లమేషన్‌తో పాటు ఒంట్లో సత్తువ కూడా తగ్గిందని, నాకైతే ఇదే ఎక్కువ పనికొస్తుంది. ఆపరేషన్ అయిన రెండు మూడు రోజులకి సీఆర్‌పీ ఎలాగూ ఎగబాకుతుంది, ఆ రిపోర్టుతో ఈ లెక్క వేయకండి.

అసలు చూడాల్సింది ఆపరేషన్‌లో తీసిన భాగాన్ని పరీక్షించి ఇచ్చే బయాప్సీ రిపోర్టు. గడ్డ కడుపు గోడలో ఎంత లోతుకి వెళ్లింది, ఎన్ని లింఫ్ గ్రంథుల్లో ఉంది, కోసిన అంచులు క్లియర్‌గా, అంటే క్యాన్సర్ కణాలు లేకుండా ఉన్నాయా, ఈ మూడూ సర్జన్ గారిని అడగండి. కీమో ఇవ్వాలా వద్దా అన్నది కూడా ముఖ్యంగా వీటిని బట్టే ఉంటుంది, ఎన్‌ఎల్‌ఆర్‌ని బట్టి కాదు.